మీ నాయన జీతం వచ్చింది

నెలలో ఏదో ఒక రోజు అమ్మ ఫోన్ చేసి ఆ మాటతోనే మొదలుపెడుతుంది. "మీ నాయన జీతం వచ్చిందమ్మా." ఈ నెల 312 రూపాయలు. పోయిన ఏడు సంక్రాంతి నెలలో ఐదు వందల పైన పడింది. అంతకుముందు ఏడు ఇంకా ఎక్కువ.

నాయన పోయి ఆరేళ్లయింది. ఎల్ఐసీ ఏజెంటుగా ఆయన చేయించిన పాలసీలు ఇంకా కొన్ని నడుస్తున్నాయి. వాళ్లు ప్రీమియం కట్టినప్పుడల్లా ఏజెంటుకు రావలసిన వంతు అమ్మ ఖాతాలో పడుతుంది. హెరిడిటరీ కమిషన్ అంటారు. అమ్మకు నోరు తిరగదు, జీతం అంటుంది.

నాయన బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో జీతం అన్న మాటే లేదు. పక్కింటి టీచరమ్మ ఒకటో తారీకు సంగతులు ఎత్తితే అమ్మ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. ఒక నెల చేతినిండా డబ్బు, రెండు నెలలు చిల్లర కొట్లో అప్పు. అందుకే ఇప్పుడు ఆ మాట అనడంలో అమ్మకు కొంచెం గర్వం కూడా ఉందేమో అనుకుంటాను.

*

మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. తెల్లవారి ఆరున్నరకల్లా నాయన వసారాలో కూర్చుని ఒక పొడవాటి పుస్తకం తెరిచేవాడు. నెలలవారీగా పేర్లు, పాలసీ నంబర్లు, డ్యూ తేదీలు. కట్టినవాళ్ల పక్కన ఎర్ర టిక్కు. టిక్కు లేని పేర్లను పైకి చదువుతూ కాఫీ తాగేవాడు. అవి వినీ వినీ మా అక్కకూ నాకూ నోటికొచ్చేశాయి. ఎక్కాలకంటే ముందు వచ్చాయి అంటే అబద్ధం కాదు.

తర్వాత టీవీఎస్ ఫిఫ్టీ. పెడల్ నాలుగైదు సార్లు తొక్కితే గానీ అది అందుకునేది కాదు. ఆ చప్పుడు వింటే ఏడున్నర అయిందని వీధికంతా తెలిసేది.

ఆయన రెక్సిన్ బ్యాగులో ప్రపోజల్ ఫారాలు, కార్బన్ పేపర్లు, వేలిముద్రల కోసం స్టాంపు ప్యాడు, డైరీ అట్ట మడతలో దాచిన రెవెన్యూ స్టాంపులు ఉండేవి. జిప్పు తీస్తే సిరా వాసన, దాని వెనకే వక్కపొడి వాసన. అన్నిటికంటే అడుగున రేట్ల పుస్తకం. వయసు ఒక పక్క, ఎన్నేళ్ల పాలసీ అన్నది పైన, రెండూ కలిసే చోట వెయ్యికి ఇంత అని ఒక అంకె. ఏడాదికోసారి కట్టేవాళ్లకు అందులో మూడు శాతం తగ్గించాలి, ఆరు నెలలకోసారి అయితే ఒకటిన్నర. యాక్సిడెంట్ బెనిఫిట్ కావాలంటే వెయ్యికి రూపాయి కలపాలి. పాలసీ అడిగిన రైతు ఆవును కట్టేసి వచ్చేలోగా నాయన ఈ లెక్కంతా నోటితో కట్టేసి అంకె చెప్పేవాడు. రాత్రి ఇంటికొచ్చి నాచేత కాగితం మీద సరిచూయించేవాడు. ఒక్కసారి తప్పు పట్టాను. నాకు కమలా ఐస్ కొనిచ్చాడు, తెల్లవారి మళ్లీ ఆ పల్లెకు పోయి, "పదకొండు రూపాయలు తక్కువ చెప్పినా అన్నా" అని చెప్పొచ్చాడు.

ఆయనకు పని నేర్పింది ఒక పెద్దాయన. 1956కు ముందే ఏదో ప్రైవేటు బీమా కంపెనీకి పాలసీలు చేసినవాడు. 245 సంస్థలను కలిపి ఎల్ఐసీ చేసినప్పుడు ఆయనా అందులో కలిసిపోయాడు. "మూడోసారి పోయేదాకా బ్యాగు జిప్పు తీయొద్దు" అన్నది ఆయన చెప్పిన సూత్రమే. మొదటిసారి పోయి బెల్లం వండే కాడ కూర్చోవాలి. రెండోసారి దూడ సంగతి, పిల్లల చదువు సంగతి అడగాలి. మూడోసారి వాళ్లే అడుగుతారు, ఆ బ్యాగులో ఏముండాదని. ఏజెంట్ల మీద ఉండే డెవలప్‌మెంట్ ఆఫీసరు, డీఓ గారికి మాత్రం ఇంత ఓపిక ఉండేది కాదు. "ఈ నెల ఎన్ని లైవ్స్ అయినాయి?" అన్నదొకటే ఆయన ప్రశ్న. పాలసీ తీసుకున్న మనిషిని లైఫ్ అంటారు అక్కడ. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు. మా నాయన ఎవరి ప్రాణాలో లెక్కపెడుతున్నాడని భయం వేసేది.

*

"మీరు పోతే ఇంత వస్తుంది" అని నాయన ఎవరితోనూ అనేవాడు కాదు. "రేపు ఏదన్నా అటూ ఇటూ అయితే" అనేవాడు. అదీ గొంతు తగ్గించి. కొత్తలో ఒకసారి పాకాల దగ్గర పల్లెలో నోరు జారాడట. బియ్యం చెరుగుతున్న ఆ ఇంటి అవ్వ చాట పక్కన పెట్టి, "నా కొడుకు సావు మింద బేరానికి వచ్చినావా సామీ? శుక్రవారం పూట!" అని పరక తీసుకుందట. ఆ కథ చెప్పి చెప్పి నవ్వేవాడు. కొన్నేళ్లకు అదే ఇంట్లో మనవడికి పాలసీ చేసి వచ్చాడు. అవ్వ మజ్జిగ కూడా ఇచ్చిందట.

చావు గురించి చెప్పకుండా జీవిత బీమా అమ్మడం ఎట్లా? పెళ్లి అమ్మేవాడు, చదువు అమ్మేవాడు. మా వైపు బాగా పోయింది మనీ బ్యాక్ పాలసీ. 20 ఏళ్లది తీసుకుంటే ఐదో ఏట, పదో ఏట, పదిహేనో ఏట 20 శాతం చొప్పున చేతికొస్తుంది, చివర మిగతా 40 శాతం, బోనసు. "పాప పదో తరగతికి ఇంత, కాలేజీకి ఇంత, పెండ్లికి ఇంత" అని వేళ్లు మడిచి చెప్పేవాడు. నడుమ మనిషికేమైనా అయితే, అప్పటికి ఇచ్చింది పట్టుకోకుండా పూర్తి మొత్తం ఇస్తారన్నది చివర్లో, లేచి చెప్పులు వేసుకుంటూ చెప్పేవాడు. అసలు బీమా అంటే ఆ ముక్కే కదా!

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇళ్లలో చాలామందికి కావలసింది తక్కువ కంతుతో పెద్ద మొత్తానికి టర్మ్ పాలసీ. కానీ తిరిగి రాని డబ్బు ఎవరు కడతారు? "ఏమీ కాకపోతే మొత్తం గంగలోనేనా?" అనేవాళ్లు. ఆయన కూడా గట్టిగా చెప్పలేదు. కమిషన్ ఆలోచన ఆయనకు లేదని నేననను. అప్పట్లో ఎక్కువేళ్ల పాలసీకి మొదటి ఏడు ప్రీమియంలో 25 శాతం, దాని మీద బోనస్ కమిషన్, రెండు మూడు ఏళ్లకు ఏడున్నర శాతం, ఆ తర్వాత ఐదు. మా అక్క చదువు, నా చదువు ఆ శాతాల్లోనే జరిగాయి.

ఆ సంగతి పార్టీలకూ, అంటే పాలసీ తీసుకునేవాళ్లకూ తెలుసు. "మొదటి కంతు నువ్వే కట్టేయన్నా, నీకెట్లా కమిషన్ వస్తాది కదా" అనేవాళ్లు, ముఖ్యంగా చదువుకున్నవాళ్లు. అట్లా ఇవ్వకూడదని, పుచ్చుకోకూడదని 1938 చట్టంలో 41వ సెక్షన్ ఉంది. ప్రపోజల్ ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది. నాయన వేలు పెట్టి చూపించేవాడు. వాళ్లు నవ్వి ఇంకో ఏజెంటు దగ్గరికి పోయేవాళ్లు. ఎప్పుడూ ఇవ్వలేదా అంటే, ఇచ్చాడు. మార్చిలో ఇచ్చాడు.

మార్చి వేరే లోకం. పన్ను తగ్గించుకోవాలని అయ్యవార్లు, గుమాస్తాలు వాళ్లే ఇంటికొచ్చేవాళ్లు. మామూలు రోజుల్లో మూడుసార్లు పోయినా తలుపు తీయనివాళ్లు 31వ తారీకు పొద్దున మా వసారాలో చెప్పులు విడిచేవాళ్లు. ఆ రోజు నాయన అన్నం తినేది రాత్రి పదకొండుకు. ఏప్రిల్ ఒకటిన నిద్రపోయేవాడు.

*

ప్రపోజల్ ఫారంలో ఆడవాళ్లకు కొన్ని వేరే ప్రశ్నలుండేవి. గర్భవతా, ఆఖరు కాన్పు ఎప్పుడు, నెలసరి తేదీ ఏది. నాయన చచ్చినా అడగలేడు. అందుకని ఆడవాళ్ల పాలసీ అంటే అమ్మ కూడా టీవీఎస్ వెనక కూర్చుని పోయేది. అమ్మ వంటింట్లో అడిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చెప్తే, నాయన బయట మంచం మీద కూర్చుని తల ఎత్తకుండా రాసుకునేవాడు. ఏజెంటు కోడ్ ఒక్కటే గానీ ఆ పాలసీలు ఇద్దరు చేసినట్టే. జీతం అన్న మాటకు అమ్మకు అంత హక్కు ఉంది మరి.

వయసు రుజువు ఇంకో తలనొప్పి. స్కూలు టీసీ ఉంటే సరే. లేకపోతే "పెద్ద కరువు పోయిన మరుసటేడు పుట్నా" అనే మనుషులు. ఎల్ఐసీకి వయసంటే దగ్గరి పుట్టినరోజు లెక్క. పుట్టినరోజు దాటి ఆరు నెలలైతే ఒక ఏడు పెరిగినట్టే, ప్రీమియం కూడా పెరుగుతుంది. నాయన డైరీలో పుట్టినరోజులకు ఆరు నెలలవతల గీత గీసి ఉండేది. ఆ గీత దగ్గర పడితే వాన వచ్చినా బండి తీసేవాడు.

డిసెంబర్ చివర క్యాలెండర్లు వచ్చేవి. దీపానికి అడ్డుగా పెట్టిన రెండు చేతుల బొమ్మ, కింద 'యోగక్షేమం వహామ్యహం'. మా అక్కా నేనూ చుట్టలు చుట్టి రబ్బర్ బ్యాండ్లు వేసేవాళ్లం. డైరీలు తక్కువ, పెద్ద పార్టీలకే. ఎవరికి డైరీ, ఎవరికి క్యాలెండర్ అన్నదాని మీద ఊళ్లో ఎన్ని అలకలో!

*

ఒక పెళ్లి కవరు గురించి చెప్పాలి. మా దగ్గర ఏ పెళ్లికి పోయినా నాయన చదివించే కవరులో 116 రూపాయలతోపాటు ఒక మడత కాగితం ఉండేది. నామినీ మార్చే ఫారం.

దానికి కారణం ఒక మిల్లు కుర్రాడు. చెనిక్కాయల మిల్లులో పని. పెళ్లికి ముందు పాలసీ తీసుకుని నామినీగా తల్లి పేరు రాయించాడు. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. బస్సు కింద పడి పోయాడు. కాగితాలు పట్టుకుని నాయన ఆ ఇంటికి పోయేసరికి తల్లి ఒక గోడకు, కోడలు ఒక గోడకు ఆనుకుని కూర్చున్నారట. చంటిది ఇద్దరి మధ్యా పాకుతా ఉంది. చెక్కు తల్లి పేరునే వచ్చింది. ఆమె మంచిదే, సగం కోడలికి ఇస్తానంది. ఆమె చిన్నకొడుకు ఒప్పుకోలేదు. పంచాయితీ పెట్టారు, నాయనను కూడా పిలిచారు. ఆరోజు ఇంటికొచ్చి ఎవరితో ఏమీ మాట్లాడకుండా బావి దగ్గర నాలుగు బిందెలు తోడి పోసుకున్నాడు. చావింటికి పోయొచ్చినవాళ్లు చేసేది అదే, కానీ అప్పటికి ఆ కుర్రాడు పోయి మూడు నెలలు.

ఆ తర్వాత నుంచి పెళ్లి కవర్లలో ఫారం. పెళ్లి పీటల మీద ఇదేం శకునం అని అమ్మ తిట్టేది. ఒక పెళ్లికొడుకు అది తాంబూలంలో పెట్టిన కాగితం అనుకుని పారేశాడట. నాయన ఇంకోటి పట్టుకుని పదహారు రోజుల పండగకు పోయాడు.

*

నేను పెద్దయ్యాక అమ్మ చెప్పిన సంగతి ఇది. అప్పుడు నాకు సగమే అర్థమైంది.

పెనుమూరు పక్క పల్లెలో ఒక చెరకు రైతు ఉండేవాడు. పెదనాయనా అని పిలిచేవాళ్లం. 25 ఏళ్ల పాలసీ, ఆరు నెలల కంతు. సంక్రాంతికి బెల్లం అమ్మిన డబ్బులో నుంచి తీసి నాయన చేతిలో పెట్టేవాడు. నిజానికి అప్పట్లో రెన్యువల్ డబ్బు ఏజెంటు చేతికి ఇవ్వకూడదు, ఆఫీసు కౌంటర్లోనే కట్టాలి. కానీ చిత్తూరు బస్సెక్కి వచ్చి క్యూలో నిలబడేదెవరు? అందరూ నాయనకే ఇచ్చేవాళ్లు. రసీదు తర్వాత తెచ్చిచ్చేవాడు.

ఆ ఏడు అక్క కాలేజీ ఫీజుకు మరుసటి రోజే ఆఖరు. నాయన ఆ డబ్బు వాడేశాడు. డ్యూ దాటినా 30 రోజుల గ్రేస్ ఉంది, ఈలోగా కమిషన్ వస్తుంది, కట్టేస్తాననుకున్నాడు. ఇంతలో టైఫాయిడ్ పట్టుకుంది. మంచం మీద ఉండగానే గ్రేస్ రోజులు అయిపోయాయి. పాలసీ లాప్స్. అప్పటికి మూడేళ్లయినా నిండలేదు కాబట్టి, కట్టినంతకు తగ్గించి నిలబెట్టే పెయిడప్ కూడా కాదు. అంటే ఆ రోజుల్లో ఆ మనిషికి ఏమైనా అయితే ఇంటివాళ్లకు పైసా రాదు. ఆయనకేమో కంతు కట్టానని ధీమా.

నాకు గుర్తున్నదల్లా, జ్వరంలో నాయన రాత్రిళ్లు లేచి కూర్చునేవాడు. పెనుమూరు బస్సులో వచ్చే పాలాయన గొంతు వినబడితే చాలు, లోపలి నుంచే కేక వేసి అడిగేవాడు. "ఆయన బాగుండాడా? చెరుక్కి నీళ్లు కడతా ఉండాడా?" అంత ప్రేమ ఏమిటో అని నేననుకునేదాన్ని.

లేచి నడవగలిగిన రోజున అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి, లేటు ఫీజుతో కట్టేశాడు. ఆరు నెలల లోపే కాబట్టి వేరే కాగితాలు అడగలేదు, పాలసీ మళ్లీ నిలబడింది. రసీదు జేబులో పెట్టుకుని మమ్మల్నందరినీ కాణిపాకం తీసుకుపోయాడు. కోనేట్లో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడ్డాడు. అక్కడ చేసే ప్రమాణం అంటే మా జిల్లాలో ఎంత భయమో చెప్పక్కర్లేదు. పార్టీ డబ్బు ఒక్క రాత్రి కూడా మా ఇంట్లో ఉండకూడదని ప్రమాణం చేశాడట.

ఆ తర్వాత ఆయన పద్ధతే మారిపోయింది. పల్లెల నుంచి నేరుగా కౌంటర్‌కు పోయి కట్టి, అప్పుడు ఇంటికి వచ్చేవాడు. కౌంటర్ మూసేసే వేళ దాటితే డబ్బే తీసుకునేవాడు కాదు. "రేపు పొద్దున వస్తా, అప్పుడియ్యి" అనేవాడు. అంత దూరం రెండుసార్లు తిరిగితే కమిషన్ పెట్రోలుకే చాలదని డీఓ గారు నవ్వేవాడు.

*

2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. కొత్తగా చేరేవాళ్లకు వంద గంటల ట్రైనింగ్, పరీక్ష. టై కట్టుకున్న కుర్రాళ్లు ఏజెంట్లమని చెప్పుకునేవాళ్లు కాదు, అడ్వైజర్లట. మా చిన్నాయన నాయనకు చెప్పకుండా ఒకరి దగ్గర యూలిప్ తీసుకున్నాడు, కట్టిన డబ్బు షేర్లలో పెట్టే పాలసీ. మూడేళ్లు కడితే చాలు, రెట్టింపు అన్నారట. 2008లో షేర్లు పడిపోయాక చూసుకుంటే కట్టింది కూడా లేదు. నాయన తిట్టలేదు. "బాండు వచ్చినాక పదిహేను రోజుల్లో వద్దనుంటే వెనక్కి ఇచ్చేవాళ్లు. చదివినావా?" అని మాత్రం అడిగాడు. చిన్నాయన బీరువాలో ఆ కవరు చింపకుండా ఉంది.

తిరుపతిలో ఉద్యోగంలో చేరాక నేను కూడా టర్మ్ పాలసీ తీసుకున్నాను, ఫోన్లోనే, కాఫీ చల్లారేలోగా. నాయన పోయిన మరుసటేడు అది. ఎత్తు, బరువు, సిగరెట్లు అన్నీ అడిగి చివర్లో ఒక పెట్టె వచ్చింది. తండ్రి ఉన్నారా? లేకపోతే ఏ వయసులో, ఏ కారణంతో? ఆ ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాయన దాన్ని ఎప్పుడూ ఆఖర్న, పెన్ను మూత పెడుతున్నట్టు నటిస్తూ అడిగేవాడు. 67, గుండెపోటు అని టైప్ చేశాను.

*

పోయిన ఆదివారం చిత్తూరు పోయాను. పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర "అమ్మణ్ణీ" అని పిలుపు. పెనుమూరు పెదనాయన, వెంట మనవడు. చేతి సంచిలో బెల్లం అచ్చులు, పాలిథిన్ కవర్లో బాండు. పాలసీ మెచ్యూర్ అయింది. డబ్బు తీసుకోడానికి నింపాల్సిన డిశ్చార్జ్ ఫారం ఇంటికొచ్చింది, నింపేవాళ్లు లేరు.

"ఆఫీసులో అడిగితే నింపుతారు కదా తాతా అంటే వినలేదక్కా. ఈ ఇంటికే రావాలన్నాడు" అన్నాడు మనవడు.

నాయన రాసుకునే బల్ల మీదే కూర్చున్నాం. పాస్‌బుక్ జిరాక్సు అడిగాను, పాలసీ నంబరు రాశాను. రెవెన్యూ స్టాంపు అమ్మ తెచ్చింది. పాత డైరీ అట్టలో ఇంకా నాలుగు మిగిలాయట. పెదనాయన బాండుతోపాటు రసీదులన్నీ తెచ్చాడు, పాతికేళ్లవీ, ట్వైన్ దారంతో కట్టి. అవి అక్కర్లేదని చెప్పినా కట్ట విప్పి వరసగా పేర్చాడు. వాటిలో ఒకదాని మీద వేలు పెట్టాడు.

"ఈ ఒక్కదాంట్లో రూపాయలు ఎక్కువ పడుండాయి చూడు. అప్పుడే అడిగినా మీ నాయన్ని. 'అది నా లెక్కలే అన్నా, నువ్వు వదిలెయ్' అన్నాడు. ఏం లెక్కో మరి."

అమ్మ వంటింట్లో నుంచి బయటికి రాలేదు. కాఫీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. నేను రసీదులు మళ్లీ వరసలో పెట్టి దారం కట్టాను.

ఫారంలో సాక్షి సంతకం కావాలి. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎక్కడ పెట్టాలో అడిగి, కూడబలుక్కుంటూ పేరు రాసింది. రాశాక నావైపు తిరిగింది.

"సంక్రాంతి నెలలో ఎప్పుడూ కొంచెం ఎక్కువ పడేది. ఈసారి తగ్గిందేమబ్బా అనుకున్నా. ఈయనది నిలిచిపోయిందన్నమాట."

పెదనాయనకు అర్థం కాలేదు. "ఏంది నిలిచిపోయింది సెల్లెమ్మా?" అన్నాడు.

"ఏం లేదులే అన్నా. కాఫీ తాగు, సల్లారిపోతాది" అంది అమ్మ.